తొట్టి సైకిలు

సెప్టెంబరు 2, సోమవారం

అమ్మాయి ఇవాళ ఇంటికి ఒక తొట్టి తెచ్చింది. సైకిలట. ముందొక చిన్న చక్రం, వెనకొక పెద్ద చక్రం, రెంటి మధ్యా చెక్క తొట్టి. తొట్టిలో అడ్డంగా ఒక బల్ల, బల్లకి రెండు బెల్టులు. పిల్లలిద్దర్నీ అందులో కూర్చోబెట్టి, వెనక నుంచి తొక్కుకుంటూ బడికి తీసుకుపోతుందట. బ్యాటరీ ఉందట, ఎత్తు వస్తే అదే నెడుతుందట. కుడితి తొట్టికి చక్రాలు బిగించి కార్గో బైకు అన్నారు. ఆ పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

వార్డు ఆఫీసు వాళ్ళు నెల రోజులు వాడి చూడమని ఇచ్చారు. నచ్చితే ముప్పయ్యో తారీఖున ఉంచుకుంటామని సంతకం పెట్టాలి. మా పార్కింగులో ఇంటికి ఒక్క బండికే చోటు. అంటే ఇది ఉంటే కారు పోతుంది.

"పిల్లల్ని నేను దింపుతూనే ఉన్నాను కదమ్మా" అన్నాను.

"నీకూ కాస్త విశ్రాంతి ఉండాలి కదా నాన్నా" అంది కూరగాయలు సర్దుకుంటూ. నా మొహం చూడలేదు.

విశ్రాంతి కావాలని నేనెవరినడిగాను? ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాను. లోపల అరవై మంది, ఫుట్‌బోర్డు మీద ఇంకో పది. చక్రాలున్న ప్రతిదీ బండి కాదు. ఈ మాట పైకి అనలేదు. నాకు అడిగిన వెంటనే మాట రాదు. తర్వాత వస్తుంది. అలా ఆలస్యంగా వచ్చినవి రాసుకోవడానికే ఈ డైరీ.

సెప్టెంబరు 3

పొద్దున్నే మొదటి ట్రిప్పు. బాల్కనీలోంచి చూశాను. అమ్మాయి సందు మలుపులో ఒకసారి కాలు కింద పెట్టింది. బస్సు డిపోలో అయితే ఆ మలుపుకే లైసెన్సు చింపేవారు.

మనవరాళ్ళిద్దరూ తొట్టిలో కూర్చుని సందులో అందరికీ చేతులు ఊపారు. ఎన్నికల్లో గెలిచినట్టు.

సెప్టెంబరు 4

పెద్ద మనవరాలికి ఏడేళ్ళు. దాన్ని నేను కండక్టరు అంటాను. కార్లో నా ఎడమ పక్క సీట్లో కూర్చుని "పోనీ పోనీ", "ఆపు ఆపు", "ఎడమ స్కూటరొస్తోంది తాతా" అని అరుస్తుంది. అది మా ఇద్దరి ఆట. చిన్నదానికి నాలుగేళ్ళు. దాని పేరు అర టికెట్టు. వెనక సీటు దానిది.

బడికి రెండు కిలోమీటర్లు. రెండేళ్ళుగా నేనే దింపుతున్నాను. ఇవాళ ఎనిమిదింటికి చెప్పులు వేసుకుని, తాళం చెవి జేబులో పెట్టుకుని, తర్వాత గుర్తొచ్చి మళ్ళీ చెప్పులు విప్పాను.

సెప్టెంబరు 6

వాచ్‌మన్‌కి కొత్త వినోదం దొరికింది.

"డ్రైవరుగారూ, మీ అమ్మాయిగారి బండికి హారన్ లేదండీ, గంట ఉంది. ఐస్‌క్రీము బండి వచ్చిందనుకుని మా ఆవిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది."

నవ్వాను. బాగుంది, వీడైనా నా పక్షం అనుకున్నాను. అంతలోనే అన్నాడు, "కానీ మంచి బండేనండీ. సామాను ఎంత పడుతుందో!"

వీడికీ పని లేదు. రోజూ పొద్దున్నే పార్కింగులో మా కారుకి ఎడమ పక్కనుండే స్కూటర్లన్నీ దూరంగా జరుపుతాడు, సాయంత్రం మళ్ళీ వెనక్కి జరుపుతాడు. ఒంట్లో కొవ్వు కరగడానికి కాబోలు.

సెప్టెంబరు 8, ఆదివారం

అల్లుడికి ఇవాళ సెలవు. పాల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము డ్యూటీ అతనిది, వారమంతా మాకు కనపడడు. నా పక్కన కూర్చుని తొట్టి గొప్పలు మొదలుపెట్టాడు.

"పార్కింగు గొడవ ఉండదు మావయ్యా. బడి గేటు ముందే దింపొచ్చు. మార్కెట్ సామానూ అందులోనే వచ్చేస్తుంది."

"ఊఁ" అన్నాను.

"మీరు ఒకసారి ఎక్కి చూడండి. మనిషి బరువు కూడా మోస్తుంది."

"నేను సామాను కాదు కదా" అన్నాను. నోటికి వెంటనే వచ్చిన మాట చాలా కాలానికి ఇదొక్కటే. అతను లేచి వెళ్ళి పేపరు తెచ్చుకున్నాడు. పాపం మంచివాడే.

సెప్టెంబరు 11

బీరువాలో బట్టలు సర్దుతుంటే కంటి డాక్టరు చీటీ బయటపడింది. రెండేళ్ళ కిందటిది. నీటికాసులట, అదే గ్లాకోమా. ఎడమ కంట్లో చూపు చాలా వరకు పోయిందట, పోయింది రాదట, ఉన్నది కాపాడుకోవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలట, ఇక బండి నడపొద్దట. ఆ డాక్టరుకి ముప్పై ఏళ్ళు ఉంటాయో లేదో. అంటే నేను స్టీరింగ్ పట్టాక పుట్టినవాడు.

ఈ రెండేళ్ళలో ఒక్క యాక్సిడెంటు చేశానా? కారుకి ఎడమ పక్క గీతలున్నాయి, నిజమే. అవి పార్కింగు స్తంభాల వల్ల. ఆ స్తంభాలు కట్టిన మేస్త్రీని అడగాలి.

చీటీ మళ్ళీ అక్కడే పెట్టాను. చొక్కాల కింద.

సెప్టెంబరు 12

నా కళ్ళు బాగానే ఉన్నాయి.

సెప్టెంబరు 15, ఆదివారం

సందులో తమాషా. వార్డు ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది, ఒక చేత్తో కరపత్రాలు, ఇంకో చేత్తో మైకు. వెనక నాలుగు తొట్లు. ఎవరైనా ఎక్కవచ్చు, ఎవరైనా తొక్కవచ్చు. బట్టలు ఇస్త్రీ చేసే అతను తన భార్యని ఎక్కించుకుని మూడు చుట్లు తిప్పాడు. ఆవిడ "ఆపవయ్యా, ఆపవయ్యా" అంటూనే దిగలేదు. కిందింటి లెక్కల టీచరు తన పిల్లల్ని ఎక్కించి, గోడ పట్టుకుని రెండడుగులు నడిపి, చెమటలు తుడుచుకుని, "కాన్సెప్ట్ బాగుంది" అని ఇంట్లోకి పోయాడు.

కరపత్రాల పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఎడమ పక్క నుంచి వచ్చింది. దడుచుకున్నాను.

"తాతగారూ, మీ మనవరాళ్ళ బడి ఎంత దూరం?"

"రెండు కిలోమీటర్లు."

"రెండు కిలోమీటర్లకి వెయ్యి కిలోల ఇనుము ఎందుకండీ?"

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. నాకు మాట రాలేదు.

ఇప్పుడు వచ్చింది. వాన. వానొస్తే ఏం చేస్తావే పిల్లా, గొడుగు పట్టుకుని తొక్కుతావా?

సెప్టెంబరు 17

వాన వచ్చింది. అడిగినట్టే వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి చినుకులు, మూడున్నరకి కుండపోత. బడి వదిలే వేళ. అమ్మాయి రక్త పరీక్షల లాబ్‌లో డ్యూటీ దిగి అటే పోతుంది. ఇప్పుడు చూద్దాం తొట్టి సంగతి అనుకుని, రెండు తువాళ్ళు, రెండు జతల పొడి బట్టలు తీసుకుని కారు బయటికి తీశాను. మెల్లగా పోయాను. ఎడమ పక్కకి అసలు పోలేదు, నడి రోడ్డు పట్టుకునే పోయాను. వెనకవాళ్ళు హారన్లు కొడితే కొట్టారు. అర్జెంటైతే నిన్నే బయల్దేరాల్సింది.

బడి సందు మొదట్లో కార్లు చిక్కుకున్నాయి. నలభై నిమిషాలు కదల్లేదు. ఉన్నట్టుండి నా ఎడమ పక్క నుంచి "తాతా!" అని వినపడింది. మెడ తిప్పేసరికి ఎవరూ లేరు. గంట మోత మాత్రం దూరమైంది.

ఇంటికి చేరేసరికి ఆరైంది. పిల్లలు పొడిగా ఉన్నారు. తొట్టి మీద గుడారంలా ఒక గుడ్డ కప్పు వస్తుందట, దానికి కిటికీ కూడా ఉందట. అమ్మాయి మాత్రం తడిసి ముద్దయింది. తల తుడుచుకుంటూ ఒకటే నవ్వు.

"నీ పక్క నుంచే పోయాం నాన్నా. చెయ్యి ఊపుతూ ఎంత అరిచామో. చూడలేదా?"

"అద్దం మీద వాన" అన్నాను.

నవ్వడం మానేసింది. పొడి బట్టలు నా చేతిలోంచి తీసుకుని, "థాంక్స్ నాన్నా" అంది. పిల్లలు అప్పటికే బట్టలు మార్చుకున్నారు.

సెప్టెంబరు 20

తొట్టిలో లోపాలు, నేను చూసినవి: రివర్స్ లేదు. అద్దం ఒకటే. గుంటలో పడితే పిల్లలకి కడుపులో నీళ్ళు కదులుతాయి. స్టాండు తీయడానికి నడుము ఉండాలి. ఎవరైనా అడిగితే చెబుదామని రాసిపెట్టాను. ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 23

ఈ మధ్య పిల్లలు పొద్దున లేపకుండానే లేస్తున్నారు. దారిలో చూసినవన్నీ సాయంత్రం నాకు చెబుతారు. ఏ కుక్కకి ఎన్ని పిల్లలు పుట్టాయి, పంపు దగ్గర ఎవరు తిట్టుకున్నారు, ఏ షాపు బోర్డులో అక్షరం ఊడింది. కార్లో వచ్చేటప్పుడు ఇవేవీ చెప్పేవారు కాదు. కండక్టరుకి అప్పుడు తీరికెక్కడిది. ఎడమ పక్క చూసుకోవడంతోనే సరిపోయేది.

ఆట కదా అది. ఆటలో తీరిక ఉండదు.

సెప్టెంబరు 25

ముప్పయ్యో తారీఖు సంతకం పెడుతుందట. కారుకి ఎవరో గిరాకీ కూడా వచ్చాడట. నన్ను అడిగింది, "నీకేమైనా అభ్యంతరమా నాన్నా?" అని. "నాకెందుకమ్మా" అన్నాను. కారు ఉంటేనే నేను ఈ ఇంట్లో పనికొచ్చే మనిషిని. లేకపోతే సోఫాలో ఇంకో దిండుని. ఈ ముక్క ఎలా అంటారు? ఎవరైనా అంటారా అసలు?

సెప్టెంబరు 26

తొట్టి విరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

సెప్టెంబరు 27

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

అమ్మాయికి మొన్న సాయంత్రం నుంచి జ్వరం. నిన్న పొద్దున లేవలేకపోయింది. అల్లుడు డ్యూటీలో. కండక్టరుకి బడిలో పాటల పోటీ, మానేస్తే ఏడుస్తుంది.

"నేను దింపుతాను" అన్నాను.

"వద్దు నాన్నా. ఒక్క రోజుకేం కాదులే."

"ఎందుకు వద్దు?"

దుప్పటి మీదికి లాక్కుంది. ఎందుకు వద్దో చెప్పలేదు. చెప్పని మాటని నేనెందుకు వినాలి అనుకుని తాళం చెవి తీసుకున్నాను.

నాలుగు వారాల తర్వాత పిల్లల బ్యాగులు మోయడం. మెట్లు దిగుతుంటే వయసు పదేళ్ళు తగ్గినట్టుంది. పార్కింగులో కారుకి ఎడమ పక్కన, స్తంభానికి ఆనించి తొట్టి సైకిలు. అర టికెట్టు అలవాటుగా పోయి అందులో ఎక్కింది.

"దానికి ఇవాళ సెలవే. దిగి వెనక సీట్లో కూర్చో" అన్నాను. కండక్టరు ముందు సీట్లో కూర్చుని బెల్టుతో కుస్తీ పడుతోంది. వెనక తలుపు చప్పుడు వినపడింది. ఇంజను స్టార్టు చేశాను.

"ఎక్కారా?"

"పోనీ పోనీ" అంది కండక్టరు.

కండక్టరు పోనీ అన్నాక డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చూడలేదు. చూస్తే కండక్టరుని నమ్మనట్టు. అది మా పద్ధతి. స్టీరింగ్ ఎడమకి తిప్పి పోనిచ్చాను.

చెక్క విరిగిన చప్పుడు. వాచ్‌మన్ కేక. ఆ కేక అలాంటిలాంటిది కాదు.

దిగి చూస్తే, తొట్టికి నా వైపు పలక నిలువునా చీలి లోపలికి పోయింది, బల్ల విరిగింది, అవతలి పలక స్తంభానికి నొక్కుకుపోయింది. బల్ల మీద బెల్టు అలాగే పెట్టి ఉంది. అర టికెట్టు తొట్టికి మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. ఒక కాలికి షూ, ఇంకో షూ చేతిలో. తొట్టిలో జారిన షూ తెచ్చుకోవడానికి, తెరిచిన కారు తలుపు మళ్ళీ వేసి వెనక్కి పోయిందట. తీసుకుని ఇవతలికి వచ్చిందట.

మూడడుగులు.

అమ్మాయి జ్వరంతోనే పరిగెత్తుకుని వచ్చింది. ముందు చిన్నదాన్ని ఎత్తుకుంది. దాని కాళ్ళూ చేతులూ తడుముతూ, "ఏమైంది?" అని అడిగింది.

"నేనే పోనీ అన్నాను" అంది కండక్టరు. "బెల్టు పెట్టుకుంటూ చూసుకోలేదు. నేనే అన్నాను."

అమ్మాయి నా వైపు చూసింది.

నేను మాట్లాడలేదు. రాసుకోవాల్సింది ఇదే. నేను మాట్లాడలేదు. ఆలస్యంగా వచ్చే మాట కాదు అది. అప్పుడే నోట్లోనే ఉంది.

సెప్టెంబరు 28

కండక్టరు మొన్నటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. నా గదిలోకి రావడం లేదు. వాళ్ళమ్మ వంటింట్లో ఉంటే కొంగు పట్టుకుని నిలబడుతోంది. చిన్నది మంచినీళ్ళకి పోయినా వెంట పోతోంది, "మెల్లగా, మెల్లగా" అంటూ.

విరిగిన పలకలు ఊడదీసి వడ్రంగి దగ్గరికి తీసుకుపోయాను. చక్రం వంగలేదు, ఇనుము బాగానే ఉంది, అదొక్కటే అదృష్టం. నడిచే పోయాను. పలకలు ఎడమ చంకలో పెట్టుకున్నాను. దారిలో ముగ్గురికి తగిలాయి. "కళ్ళు కనపడటం లేదా పెద్దాయనా?" అన్నాడొకడు. ఊరికే అనే మాటే అది, అందరూ అనేదే. అక్కడే నిలబడిపోయాను.

వడ్రంగి పలకలు తిప్పి చూశాడు. "దేనికి తగిలిందండీ?"

"కారుకి."

"ఎవడండీ ఆ గుడ్డి వెధవ?"

అడ్వాన్సు అతని చేతిలో పెట్టి వచ్చేశాను. చెప్పాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు.

సెప్టెంబరు 29, ఆదివారం

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మొనగాడు ఏడేళ్ళ పిల్ల వెనక దాక్కున్నాడు. పార్కింగు స్తంభాన్ని తిట్టాడు, మేస్త్రీని తిట్టాడు, డాక్టరుని తిట్టాడు, తొట్టిని నెల రోజులు తిట్టాడు. రోజూ ఆ పిల్ల కళ్ళు అరువు తెచ్చుకుని దానికి ఆట అని పేరు పెట్టాడు. కుడితి తొట్టికి కార్గో బైకు అని పేరు పెట్టినవాణ్ణి ఎగతాళి చేసింది వీడే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కండక్టరు బాల్కనీలో బొమ్మలు గీసుకుంటోంది. పోయి పక్కన కింద కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి. అది తల ఎత్తలేదు.

"మొన్న తప్పు నీది కాదే" అన్నాను.

"నేనే కదా పోనీ అన్నాను."

"నువ్వు పోనీ అన్నా నేను చూసుకోవాలి. చూసుకోలేను. నాకు ఎడమ కన్ను కనపడదు."

రెండేళ్ళు మోసిన మాట. పైకి అంటే ఇంతే ఉంది.

అది ఆకుపచ్చ పెన్సిలు పక్కన పెట్టి ఎర్రది తీసుకుంది.

"నాకు తెలుసు తాతా."

"తెలుసా?"

"నేనే చెప్పాను అమ్మకి. వేసవి సెలవుల్లో. రోజూ నేనే చూస్తుంటే నాకు కడుపులో నొప్పొస్తుందని చెప్పాను. అమ్మ ఏడ్చింది. నీకు చెప్పొద్దంది, తాత బాధపడతాడు అంది. అందుకే సైకిలు తెచ్చింది." పెన్సిలు ముక్కు చూసుకుంది. "వాచ్‌మన్ తాతకి కూడా తెలుసు. ఎడమ పక్క స్కూటర్లు అమ్మే జరపమంది."

అల్లుడికీ తెలిసే ఉంటుంది. అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు, గేటు దగ్గర మనిషికీ తెలుసు. నా కన్ను సంగతి తెలియనట్టు తిరిగింది నేనొక్కడినే.

"కడుపులో నొప్పి వస్తుందని నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు డ్రైవరువి కదా" అంది. "డ్రైవరుతో మాట్లాడకూడదు అని నువ్వే చెప్పావు."

ఆ తర్వాత కాసేపటికి నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఏడ్చిందో నిద్రపోయిందో చూడలేదు.

సాయంత్రం అమ్మాయి బట్టలు మడతపెడుతుంటే పోయి తాళం చెవి ఆ మడతల మీద పెట్టాను. డాక్టరు చీటీ కూడా. చీటీ చదివింది. తారీఖు రెండుసార్లు చూసింది.

"చుక్కలు వేసుకుంటున్నావా?"

"లేదు."

"రెండేళ్ళుగానా నాన్నా?"

"ఊఁ."

ఏమైనా అంటుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు. నా చొక్కా ఒకటి తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి మడతపెట్టింది. "మంగళవారం సెలవు పెడతాను" అంది.

సెప్టెంబరు 30

వడ్రంగి పలకలు కొత్తవి వేసి ఇచ్చాడు. రంగు కలవలేదు. రెండు వైపులా తెల్లగా అతుకులు కనపడుతున్నాయి.

కరపత్రాల పిల్ల కాగితాలతో వచ్చింది. అతుకులు చూసి, "ఏమైందండీ?" అంది.

అమ్మాయి నోరు తెరిచేలోపు, "నేను కారుతో గుద్దాను" అన్నాను. "నాకు ఒక కన్ను కనపడదు. నడపకూడని వాణ్ణి, అయినా నడిపాను."

పిల్ల మైకు లేకుండా మాట్లాడడం ఇదే మొదటిసారి చూశాను. చిన్న గొంతే. "మరి... ఉంచుకుంటారాండీ?" అంది.

అమ్మాయి సంతకం పెట్టింది.

తొట్టికి రివర్స్ లేదు, అద్దం ఒకటే, స్టాండు బరువు అని చెప్పాను. పిల్ల అన్నీ రాసుకుంది. నవ్వలేదు.

అక్టోబరు 1, మంగళవారం

పిల్లల్ని బడిలో దింపి అమ్మాయి వెనక్కి వచ్చింది. కంటి ఆసుపత్రికి ఆటో పిలవమన్నాను. "ఆటోవాడు ఆసుపత్రి గేటు దాకా రాడు నాన్నా, నడవాలి. ఎక్కు" అంది.

ఎక్కాను. ఎక్కడం అనకూడదు, వాచ్‌మన్ ఒక రెక్క, అమ్మాయి ఒక రెక్క పట్టుకుని దింపారు అందులోకి. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. బల్ల గట్టిది, దిండు వేయాలని ఎవరికీ తోచలేదు. బెల్టు నాలుగేళ్ళ పిల్ల నడుముకి సరిపోయేలా బిగించి ఉంది, అమ్మాయి దాన్ని వదులు చేస్తూ చేస్తూ విసుక్కుంది.

"డ్రైవరుగారూ, టికెట్టు తీసుకున్నారా?" అన్నాడు వాచ్‌మన్. వీడి ఉద్యోగం వీడి నోటి వల్లే పోతుంది ఏనాటికైనా.

బయల్దేరాం. మలుపులో అమ్మాయి కాలు కింద పెట్టలేదు. గతుకులన్నీ నా వెన్నుకి తెలిశాయి, ఒక్కటీ దాచలేదు ఆ తొట్టి. బస్సులో అంత ఎత్తు నుంచి ముప్పై ఒక్క ఏళ్ళు చూసిన రోడ్డు ఇదేనా అనిపించింది. కుక్కలు నా మొహం ఎత్తులో ఉన్నాయి. వెనక నుంచి అమ్మాయి ఊపిరి వినపడుతోంది. ఎత్తు దగ్గర బ్యాటరీ నెట్టింది. నిజంగానే నెట్టింది.

"భయంగా ఉందా నాన్నా?"

"ముందు చూసి తొక్కు" అన్నాను.

సిగ్నల్ దగ్గర ఆగాం. నెరిసిన గడ్డం మనిషిని తొట్టిలో కూర్చోబెట్టుకుని కూతురు తొక్కుకుపోతుంటే జనం చూడకుండా ఎందుకుంటారు? కుడి పక్కవాళ్ళు నవ్వారు. ఎడమ పక్కవాళ్ళు కూడా నవ్వే ఉంటారు. వాళ్ళు నాకు కనపడలేదు.